ఇంటర్ సీఈసీ అయిన అమ్మాయి మిడ్‌వైఫ్ కావాలంటే ఏ కోర్సులో చేరాలి?

ప్రశ్న:
అందరికీ నమస్తే. మాది నల్గొండ దగ్గర ఊరు, నేను ఉప్పల్‌లో ఉంటాను. మా చెల్లి ఈ ఏడాది ఇంటర్ సీఈసీ పాసైంది. నా కాన్పుకి తోడుగా ఆసుపత్రిలో ఉన్నప్పుడు, రాత్రంతా నా నడుం రుద్దుతూ ధైర్యం చెప్పిన సిస్టర్‌ను చూసింది. అప్పటి నుంచి "నేనూ కాన్పులు చేస్తా అక్కా" అని ఒకటే మాట. రెండేళ్లలో అయిపోతుంది, ఏఎన్ఎం (ఆరోగ్య కేంద్రాల్లో పనిచేసే సహాయ నర్సు కోర్సు) చేయించమని ఇంట్లో అంటున్నారు. అమీర్‌పేటలో ఒకచోట ఆరు నెలల మిడ్‌వైఫరీ సర్టిఫికెట్, వెంటనే ఉద్యోగం, ఫీజు 60 వేలు అన్నారు. నాన్న పత్తి అమ్మిన డబ్బు అది. ఎక్కడ పోగొట్టుకుంటామోనని టెన్షన్‌గా ఉంది.

జవాబు (స్టాఫ్ నర్సు, లేబర్ రూమ్‌లో 11 ఏళ్లు):
అమ్మా, ఆ 60 వేలు మాత్రం కట్టకండి. మన దేశంలో ఇంటర్ అవగానే నేరుగా మిడ్‌వైఫ్ అయ్యే దారి లేదు. ముందు నర్సు కావాలి. ఆరు నెలల సర్టిఫికెట్ పట్టుకుని వెళ్తే నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ఇవ్వదు, అది లేకుండా కాన్పు చేయడం తల్లికీ బిడ్డకీ ప్రమాదం. మా బంధువుల అమ్మాయి ఇలాంటి చోటే చేరి, చివరికి ఒక క్లినిక్‌లో టోకెన్లు రాస్తూ ఉండిపోయింది. ఇప్పటికీ ఆ పిల్ల మొహం చూస్తే నాకు బాధగా ఉంటుంది.

బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్లు, దానికి బైపీసీ ఉండాలి కాబట్టి మీ చెల్లికి కుదరదు. జీఎన్ఎం, అంటే జనరల్ నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ, మూడేళ్లు. ఇంగ్లిష్‌తో ఇంటర్ పాసై 40 శాతం మార్కులుంటే ఏ గ్రూపు వాళ్లైనా చేరవచ్చు. జీఎన్ఎంలో 'ఎం' అంటే మిడ్‌వైఫరీయే. పాసైతే నర్సుగానూ, మిడ్‌వైఫ్‌గానూ రిజిస్టర్ అవుతుంది. ఆ తర్వాత రెండేళ్లు పోస్ట్ బేసిక్ బీఎస్సీ నర్సింగ్ చేసి డిగ్రీ కూడా తెచ్చుకోవచ్చు.

మీ చెల్లి కోరిక తీరేది మాత్రం ఆపై మెట్టు మీద. నర్సు ప్రాక్టీషనర్ ఇన్ మిడ్‌వైఫరీ అని 18 నెలల శిక్షణ ఉంది. 2017లో మన తెలంగాణ ప్రభుత్వమే హైదరాబాద్‌లో ప్రసూతి ఆసుపత్రులు నడిపే ఫెర్నాండెజ్ ఫౌండేషన్, యూనిసెఫ్ సాయంతో కరీంనగర్‌లో మొదలుపెట్టింది. 2018లో కేంద్రం దేశమంతటికీ మార్గదర్శకాలు ఇచ్చింది. ఇబ్బందులు లేని కాన్పును మొదటి నుంచి చివరిదాకా సొంతంగా చూసుకోవడం, ఏదైనా తేడా కనిపిస్తే ఏ ఘడియలో డాక్టర్‌ను పిలవాలో తెలుసుకోవడం అందులో నేర్పుతారు. జీఎన్ఎం లేదా బీఎస్సీ నర్సింగ్ అయి, రెండేళ్ల అనుభవం ఉన్నవాళ్లకే అది.

మన రాష్ట్రానికి ఈ పిల్లలు ఎంత అవసరమో చెప్పనా? 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణ కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లు. దేశం మొత్తమ్మీద 21.5 శాతమే. అవసరమైన ఆపరేషన్ ప్రాణం కాపాడుతుంది, కాదనను. కానీ నొప్పులు పడుతున్న తల్లి పక్కన ఓపికగా కూర్చునే మనిషి లేక ఆపరేషన్ దాకా వెళ్లిన కాన్పులు నేను కళ్లారా చూశాను.

జవాబు (ఏఎన్ఎం, పట్టణ ఆరోగ్య కేంద్రం):
మీ ఇంట్లో అంటున్న ఏఎన్ఎం గురించి నేను చెబుతా అక్కా, దాన్ని తీసిపారేయకండి. టీకాలు, గర్భిణుల పరీక్షలు, బస్తీలో ఇల్లిల్లూ తిరిగి బాలింతలను చూడటం, అదంతా మేమే. ఇంటికి జీతం తొందరగా కావాలంటే మంచి దారే. కానీ నేను చేసిన కాన్పులు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు, ఇప్పుడు అందరూ పెద్దాసుపత్రులకే పోతున్నారు. కాన్పులే చేయాలనుకుంటే జీఎన్ఎంలో చేర్పించండి. ఏఎన్ఎం రిజిస్ట్రేషన్ ఉన్నవాళ్లు తర్వాత జీఎన్ఎంకు పోవచ్చు గానీ ఆ మూడేళ్లూ మళ్లీ మొదటి నుంచే చదవాలి.

ప్రశ్న:
మూడు, రెండు, ఒకటిన్నర కలిపితే ఆరున్నరేళ్లు అవుతుంది కదా మేడమ్. నాన్న భయపడుతున్నాడు.

జవాబు (స్టాఫ్ నర్సు):
ఖర్చు మొదటి మూడేళ్లకే అని చెప్పండమ్మా. ఆ తర్వాత రెండేళ్లు స్టాఫ్ నర్సుగా జీతం వస్తుంది. ఆ రెండేళ్లూ లేబర్ రూమ్ పోస్టింగే అడగమనండి. జీతం కొంచెం ఎక్కువని ఐసీయూకి వెళ్తే చేతికి కాన్పు అలవాటు పోతుంది.

ఇక నర్సింగ్ స్కూల్ సంగతి. ముందు ప్రభుత్వ స్కూళ్ల నోటిఫికేషన్ కోసం చూడండి. ప్రైవేట్ అయితే ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్, తెలంగాణ నర్సింగ్ కౌన్సిల్ గుర్తింపు ఇచ్చిన స్కూళ్ల జాబితాల్లో ఈ ఏడాదికి పేరు ఉందో లేదో మీరే చూసుకోండి. గోడ మీది బోర్డు నమ్మవద్దు. రెండోది, నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది: మిడ్‌వైఫరీ ప్రాక్టికల్స్‌కి పిల్లలను ఏ ఆసుపత్రికి పంపుతారో అడగండి. పేట్లబురుజు, సుల్తాన్ బజార్ లాంటి ప్రసూతి ఆసుపత్రుల రద్దీలో చేయి తిరిగినట్టు, రోజుకో కాన్పు కూడా జరగని చోట తిరగదు. ఆఫీసులో అడిగితే అంతా బాగుందనే చెబుతారు. సాయంత్రం క్లాసులు వదిలే వేళకు గేటు దగ్గర నిలబడి చివరి ఏడాది పిల్లలను పలకరించండి. కేస్ బుక్‌లో ఎన్ని కాన్పులు రాశారో, అందులో సొంత చేతులతో చేసినవెన్నో, పక్కన నిలబడి చూసినవెన్నో అడగండి. మీ చెల్లిని కూడా తీసుకెళ్లండి, ఆ మాటలు తనే వినాలి.