అద్దంలోలా తిప్పేసిన వాట్సాప్ వీడియో మూలం కనుక్కోవడం ఎలా?

పిల్లలను ఎత్తుకుపోయే ముఠా వచ్చిందంటూ మా కాలనీ వాట్సాప్ గ్రూపులో 28 సెకన్ల వీడియో ఒకటి తిరుగుతోంది. ఇన్‌విడ్ అనే వీడియో పరిశీలన సాధనంతో దాని కీఫ్రేములను (వీడియోలోని ముఖ్యమైన నిశ్చల చిత్రాలను) విడదీసి, చిత్రంతో వెతకనిచ్చే గూగుల్ లెన్స్‌లోనూ యాండెక్స్‌లోనూ వెతికాను కానీ ఏమీ దొరకలేదు. దుకాణం బోర్డు మీది అంకెలు తిరగబడి కనిపించడంతో, దృశ్యాన్ని అద్దంలోలా తిప్పారని గ్రహించి, ఫ్రేములను సరిచేసి మళ్లీ వెతికినా ఫలితం లేకపోయింది. వాట్సాప్ ద్వారా వచ్చిన ఫైలు కాబట్టి చిత్రీకరించిన తేదీ, స్థలం వివరాలు కూడా అందులో మిగలలేదు. మాటలు తెలుగులోనే ఉన్నా పెదవుల కదలికతో కలవడం లేదు. 2018లో ఇటువంటి పుకార్లతో వ్యాపించిన ఒక వీడియో కరాచీలో తీసిన అవగాహన ప్రకటనలోని ముక్క అని తేలింది కనుక, ఇదీ అలాంటిదేనని నా అనుమానం (అనుమానాన్ని గ్రూపులో ఎవరూ లెక్కచేయరనుకోండి). బోర్డు మీది అక్షరాలు చదవలేనంత మసకగా ఉన్నప్పుడు, ఇటువంటి వీడియో అసలు ప్రతిని కనుక్కోవడానికి ఇంకే పద్ధతి ఉంది?