సమస్య: తప్పిపోయినవానికే దక్కె విందు

నిర్వాహకుడు (సికింద్రాబాద్):
ఈ వారం తేటగీతి పద్యం. బైబిల్లో లూకా సువార్త 15వ అధ్యాయం మీదే రాయాలని రూలేం లేదు గానీ నా మనసులో ఉన్నది మాత్రం అందులో తప్పిపోయి తిరిగొచ్చిన చిన్నకొడుక్కి విందు చేసిన ఆ తండ్రే. యతి (పాదం మొదటి అక్షరంతో నాలుగో గణం మొదటి అక్షరం కలవడం) చూసుకుని పై మూడు పాదాలు పూరించండి.

మల్కాజిగిరి తమ్ముడు:
మొదటిసారి రాస్తున్నా అన్నా, తప్పులుంటే చెప్పండి

ఆస్తినంతయు తగలేసి యాకలేసి
పందిమేసెడి పొట్టుకై పాకులాడి
తిరిగి వచ్చిన కొడుకును తండ్రి చూసె
తప్పిపోయినవానికే దక్కె విందు

నిర్వాహకుడు:
తమ్ముడూ రెండో పాదం దగ్గర ఆగిపోయా, పందిని ముట్టని యూదుల ఇంట్లో పుట్టినోడు వాటి పొట్టుకి ఆశపడ్డాడంటే ఎంత కిందకి దిగిపోయాడో ఒక్క పాదంలో చెప్పేశావు. మూడో పాదంలో యతి తప్పింది, "తి"కి "తం" కుదరదు, హల్లు ఒకటే అయినా అచ్చు కలవాలి కదా. అర్థం కూడా కొంచెం తప్పింది, ఆయన కొడుకు ఇంటికొచ్చాక చూడలేదు, ఇంకా దూరంలో ఉండగానే చూసి పరిగెత్తాడు. "దవ్వునందున్న కొడుకును తండ్రి చూసె" అను, రెండూ సరిపోతాయి.

నాంపల్లి బాబాయ్:
మా ఇల్లు ఎగ్జిబిషన్ గ్రౌండ్స్ దగ్గరే, జనవరి 1న నుమాయిష్ మొదలైతే నాకు గుర్తొచ్చేది ఇదే.

నాన్న వేలిని వదలిన చిన్నవాడు
మన నుమాయిషు గుంపులో మాయమయ్యి
దొరకగానె జిలేబీల దొన్నెతోడ
తప్పిపోయినవానికే దక్కె విందు

నిర్వాహకుడు:
బాబాయ్, నాన్న–చిన్న ప్రాసయతి (మొదటి అక్షరాల బదులు రెండో అక్షరాలు కలవడం) హాయిగా పడింది, జిలేబీల దొన్నె ఇంకా బాగుంది. ఒకటే లోటు, వెతికినవాళ్ళు పద్యంలో కనపడట్లేదు. ఆ అధ్యాయంలో 99 గొర్రెల్ని వదిలి ఒక్కదాని కోసం వెళ్ళే కాపరి, 10 నాణేల్లో ఒకటి పోతే దీపం పెట్టి ఇల్లంతా ఊడ్చే ఆడమనిషి, ఆ వెతుకులాటే కదా ప్రేమంటే.

బోయిన్‌పల్లి అక్క:
ఇంట్లో పెద్దదాన్ని నేను. అమ్మానాన్నల్ని చూసుకుంది నేనే, తమ్ముడు ఎన్నో ఏళ్ళకి వస్తే అమ్మ బిర్యానీ వండిన రోజు నేను వంటింట్లో నిలబడి ఏడ్చా, అందుకే ఆ కథలో ఇంటిపట్టునే ఉన్న పెద్దకొడుకు నోటితో రాశా.

పొలము దున్నితి నేళ్ళుగా పొద్దుమాపు
మేకపిల్లైన పెట్టవే మెచ్చి నాకు
తోడు విడువని కొడుకుకు దొరకలేదు
తప్పిపోయినవానికే దక్కె విందు

నిర్వాహకుడు:
అక్కా, సమస్య ఇచ్చింది నేనే గానీ "వానికే"లో ఆ "ఏ" ఎవరి మాటో నీ పద్యం చదివాకే తెలిసింది, అది అన్న మాట, తండ్రి ఎక్కడా అలా అనలేదు. పాపులతో కలిసి తింటున్నాడని పరిసయ్యులు, శాస్త్రులు (అప్పటి యూదుల్లో ధర్మశాస్త్రం పట్టుగా పాటించేవాళ్ళు, దాన్ని బోధించేవాళ్ళు) సణిగితేనే కదా యేసు ఈ కథ చెప్పింది, వాళ్ళ సణుగుడే నీ నాలుగు పాదాల్లో వినపడుతుంది. ఛందస్సులో వంక పెట్టడానికేం లేదు, "కొడుకుకు" వ్యావహారికం, నడుస్తుంది. ఒక్కటి చెప్పనా, చిన్నోడి కోసం పరిగెత్తిన తండ్రే విందు మధ్యలో లేచి పెద్దోడి కోసం కూడా బయటికొచ్చి బతిమాలుకున్నాడు.

బోయిన్‌పల్లి అక్క:
మరి ఆ పెద్దోడు లోపలికి వెళ్ళాడా అన్నా?

నిర్వాహకుడు:
లూకా రాయలేదక్కా, తండ్రి మాటతోనే ఆపేశాడు.

బోయిన్‌పల్లి అక్క:
అయితే తండ్రి జవాబు ఇంకో తేటగీతిగా రాస్తా, "ఏ" లేకుండా. ఆదివారం లోపు పెడతా.