వాలీబాల్ మానేసి ఫోన్ గేమ్‌లో పడ్డాడు: మీ ఇళ్లలో ఏం చేశారు?

నాగావళి_ఒడ్డు (శ్రీకాకుళం)
మా బాబు తొమ్మిదో తరగతి. మొన్నమొన్నటి దాకా సాయంత్రమైతే ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్‌లో వాలీబాల్ ఆడి, ఒళ్లంతా దుమ్ముతో వచ్చేవాడు. ఇప్పుడు దుప్పటి ముసుగులో ఫ్రీ ఫైర్ మ్యాక్స్. రాత్రి ఒంటిగంటకు లేచి చూస్తే ఫోన్ కాలిపోతోంది, వాడి కళ్లు ఎర్రబడి ఉన్నాయి. లాక్కుంటే రెండు పూటలు అన్నం ముట్టలేదు. మళ్లీ గ్రౌండ్‌కి ఎలా పంపాలి?

బొబ్బిలి_నాన్న
మేమూ ఫోన్ దాచాం. పక్కింట్లో కూర్చుని ఆడాడు. లాక్కోవడం వల్ల లాభం లేదమ్మా.

పీఈటీ_విజయనగరం
అమ్మా, ఆట ఎందుకు మానేశాడో అడిగారా? నేను చూసిన పిల్లల్లో చాలామంది గేమ్ వల్ల ఆట మానలేదు. ఆట మానేశాక ఖాళీ అయిన సాయంత్రాన్ని గేమ్‌తో నింపుకున్నారు. జట్టులో పేరు రాకపోవడం, మడమ బెణకడం, లేదా ‘టెన్త్ దగ్గరపడుతోంది, ఇక చాలు’ అని ఇంట్లోవాళ్లే ఆపేయడం. నెల్లిమర్ల దగ్గర కొండవెలగాడ చూడండి. 2014 కామన్వెల్త్ క్రీడల్లో పతకం తెచ్చిన మత్స సంతోషిది ఆ ఊరే. కళ్ల ముందే ఒక అక్క బరువులెత్తి పతకం తెస్తే, పిల్లలకు వేరే చెప్పక్కర్లేదు.

సైకిల్_బెల్లు (చీపురుపల్లి)
అక్కా, నేను ఇంటర్‌లో రోజుకు ఆరు గంటలు ఆడినవాణ్ణి. ఒక్క మాట: మ్యాచ్ మధ్యలో ఫోన్ లాక్కోకండి. స్క్వాడ్‌లో నలుగురం ఉంటాం, ఒకడు పోతే మిగతా ముగ్గురూ ఓడిపోతారు. ‘ఈ మ్యాచ్ అయ్యాక ఇచ్చెయ్’ అనండి, వింటాడు. నన్ను బయటికి లాగింది కబడ్డీ. నిజానికి కబడ్డీ కూడా కాదు, మా వీధి కుర్రాళ్లు. రోజూ ఐదున్నరకి ముగ్గురు సైకిళ్ల మీద గుమ్మం ముందుకొచ్చి, నేను బయటికొచ్చేదాకా బెల్లు కొడుతూనే ఉండేవాళ్లు. ఫోన్‌లోనూ నాకు కావలసింది అదే, నా కోసం ఎవరో ఎదురుచూడటం.

నర్సు_పాలకొండ
ఎక్కువసేపు ఆడినంత మాత్రాన జబ్బు అనుకోవద్దు. గేమింగ్ డిజార్డర్‌ని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నుంచి అమల్లోకి వచ్చిన జబ్బుల జాబితాలో చేర్చింది. అదుపు తప్పడం, మిగతావన్నీ వదిలేయడం, నష్టం కనిపిస్తున్నా ఆపలేకపోవడం సాధారణంగా ఏడాదిపాటు కొనసాగితేనే ఆ పేరు పెడతారు. కానీ అన్నం, నిద్ర మానేస్తుంటే అంతవరకు ఆగకండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులు కట్టక్కర్లేదు.

నాగావళి_ఒడ్డు
మాస్టారూ, అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు. జట్టు సెలక్షన్ రోజున ట్యూషన్‌లో పరీక్ష ఉందని నేనే పంపలేదట. నాకసలు గుర్తే లేదు. వాడికి తేదీతో సహా గుర్తుంది. రాత్రి అటక మీంచి బూట్లు దింపాను. వాడి కాలు పట్టలేదు. రేపు సాయంత్రం ఇద్దరం కొత్తవి కొనడానికి వెళ్తున్నాం.