కొవ్వు శాతం మెషీన్ చెప్పిందని పోటీ నుంచి పక్కన పెట్టొచ్చా?

పరుగుపిచ్చి: ప్రతి సోమవారం ప్రాక్టీస్ అయ్యాక మా కోచ్ అందరినీ ఒంట్లో కొవ్వు శాతం చూపించే బీఐఏ మెషీన్ ఎక్కిస్తారు. కొవ్వు 14 శాతం దాటితే ఆ వారం పోటీకి పేరు రాయరు. నాకు సాయంత్రం 15 చూపించింది, మర్నాడు పొద్దున 13. ఒక్క రాత్రిలో కొవ్వు ఎక్కడికి పోయినట్టు?

ల్యాబ్‌కోటు: ఎక్కడికీ పోలేదండి. ఆ మెషీన్ అసలు కొవ్వును కొలవదు. ఒంట్లోకి సన్నటి కరెంటు పంపి, ఎంత అడ్డు తగిలిందో చూస్తుంది. దాన్నిబట్టి నీరెంతో అంచనా కడుతుంది. కొవ్వు కాని బరువులో సుమారు 73 శాతం నీరేనన్న లెక్కతో ఆ కొవ్వు కాని బరువును తేల్చి, మిగిలిందంతా కొవ్వు ఖాతాలో రాసేస్తుంది. ఒంట్లో నీరు తగ్గి ఒళ్లు ఎండితే కొవ్వు పెరిగినట్టే! తమాషా ఏమిటంటే, ఎక్కేముందు సీసాడు నీళ్లు తాగినా పెరిగినట్టే చూపిస్తుంది. కడుపులో నీళ్లు బరువుకు కలుస్తాయి గానీ అడ్డును పెద్దగా మార్చవు.

పాతకోచ్: అయితే చర్మం మడత మందం కొలిచే క్యాలిపర్ మేలంటారా? మడత పట్టే చెయ్యి మారితే అంకె మారుతుంది. మెషీన్‌కు మొహమాటాల్లేవు. పరగడుపున, మూత్రానికి వెళ్లొచ్చాక, ఒకే టైముకు ఎక్కిస్తే ట్రెండ్ బాగానే తెలుస్తుంది. జట్టు మొత్తాన్నీ ఎక్స్‌రేతో కొవ్వూ కండా కొలిచే డెక్సా స్కాన్‌కు పంపగలమా? పంపినా, అదీ నీళ్లను కండ కిందే వేస్తుంది.

ల్యాబ్‌కోటు: పరగడుపు మాట ఒప్పుకుంటా. వీళ్లు కొలిచేది ప్రాక్టీస్ అయ్యాక కదా! పోయిన చెమట అంకెను పైకి లాగుతుంది, వేడెక్కిన చర్మం కిందికి లాగుతుంది. ఏది ఎంత లాగిందో ఎవరు చెప్తారు? క్యాలిపర్ అయితే ఎప్పుడూ ఒకరే పట్టాలి. 8 చోట్ల మడతలు కూడి, మిల్లీమీటర్లలోనే ఉంచాలి. శాతంలోకి మార్చారా, సూత్రంలోని తప్పు కూడా నెత్తికెక్కుతుంది.

కుస్తీపట్టు: అమెరికా కాలేజీ కుస్తీలో 1997లో ముగ్గురు బరువు తగ్గించుకోబోయి చనిపోయారు. ఆ తర్వాత అక్కడ మల్లుడు ఎంతవరకు బరువు తగ్గొచ్చో, ఆ కనీస బరువు తేల్చేముందు, నీళ్లతో పోలిస్తే మూత్రం సాంద్రత ఎంతో చూడటం మొదలైంది. 1.020 దాటితే ఒళ్లు ఎండినట్టు లెక్క, ఆరోజు కొవ్వు కొలవరు. ముందు నీళ్ల సంగతి, తర్వాతే కొవ్వు.

పాతకోచ్: ఆ టెస్టునూ బోల్తా కొట్టించొచ్చు తమ్ముడూ. గబగబా నీళ్లు తాగితే మూత్రం పల్చబడుతుంది, ఒళ్లు మాత్రం ఇంకా ఎండే ఉంటుంది. నేనైతే ప్రాక్టీస్‌కు ముందూ తర్వాతా బరువు చూస్తా. మధ్యలో తాగింది లెక్కలో వేసుకుని, కిలో తగ్గితే లీటరు చెమట అనుకుంటా. ఇక పరుగుపిచ్చి గారూ, మెషీన్‌ను నేను వెనకేసుకొచ్చింది ట్రెండ్ కోసమే. 13కీ 15కీ మధ్య గీత గీసి మనిషిని ఆపే సత్తా దానికి లేదు. చేతిలో స్టాప్‌వాచ్ ఉండగా పరుగు చూడకుండా కొవ్వు చూసి పేరు కొట్టేయడం ఏమిటసలు?