ఖాళీ ఉన్న సంగతి దాచి నేనొక్కడినే టెస్టు రాశాను. తప్పేనా?

అడిక్‌మెట్ మూడో అంతస్తు (రాత్రి 11:40)

జర్నలిజం ఎంఏ ఈ ఏడాదే పూర్తయింది. క్లాసులో నలుగురం ఒక జట్టు. నేను, శ్రీకాకుళం వాడు, కరీంనగర్ వాడు అడిక్‌మెట్‌లో ఒకే రూమ్. నల్లగొండ అమ్మాయి హాస్టల్ ఖాళీ చేసి విద్యానగర్‌లో పిన్నిగారింట్లో ఉంటోంది. ఊళ్లకు వెళ్లిపోతే ఎక్కడ ఖాళీలున్నాయో తెలియదని, ఈ ఎండల్లో కూడా హైదరాబాద్‌లోనే ఉండిపోయాం.

పొద్దున్నే చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీకి వెళ్తాం. గ్రూప్స్‌కి చదివేవాళ్ల మధ్య కుర్చీ దొరకాలంటే తలుపు తీయకముందే వెళ్లి నిలబడాలి. మేం వెళ్లేది పేపర్ల కోసం. ఇంగ్లిష్ పేపర్లో ఒక వార్త ఎంచుకుని నలుగురం విడివిడిగా తెలుగు చేస్తాం. సాయంత్రం ఒకరిది ఇంకొకరు దిద్దుతాం. ఎవరి కాగితంలో ఎర్ర ఇంకు ఎక్కువుంటే ఆ రాత్రి వాళ్లే అంట్లు తోమాలి. ‘వైట్ పేపర్’ని శ్వేతపత్రం అనకుండా ‘తెల్ల కాగితం’ అని రాసిన శ్రీకాకుళం వాడు మూడు రోజులు తోమాడు. నల్లగొండ అమ్మాయి ఒక్కసారి కూడా ఓడలేదు కాబట్టి, వేరే ఇంట్లో ఉండే ఆమె మా అంట్లు ఎలా తోమాలన్న ప్రశ్నే రాలేదు. ఆదివారమైతే అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు, చేతిలో డబ్బులుంటే ఇరానీ చాయ్.

మే మొదట్లో ఒక మాట అనుకున్నాం. ఎవరికి ఎక్కడ ఖాళీ ఉందని తెలిసినా ఆ రోజే మిగతా ముగ్గురికీ చెప్పాలి. అందరం రాద్దాం, ఎవరికొస్తే వాళ్లకు. అలా ఆరు చోట్లకు కలిసి వెళ్లాం. ఒకచోట గేటు దగ్గరే బయోడేటాలు తీసుకుని పంపేశారు. ఒక చానల్ వాళ్లు మూడు నెలలు జీతం లేకుండా చేయమన్నారు. ఒక వెబ్‌సైట్ వాళ్లు రోజుకు ముప్పై వార్తలు కొట్టాలన్నారు. అంటే పక్కవాళ్లవి తిరగరాయాలన్నమాట.

మూడు వారాల కిందట మా సీనియర్ ఒకరు ఫోన్ చేశారు. ఒక దినపత్రిక డెస్కులో (వార్తలు దిద్ది పేజీలు పెట్టే చోటు) ట్రైనీ సబ్ ఎడిటర్‌ని తీసుకుంటున్నారు, ప్రకటన వేయరు, నీ కాపీ (రాసే వార్త) బాగుంటుందని చెప్పాను, గురువారం వచ్చి టెస్టు రాయి అన్నారు. పెట్టేసేముందు ‘మందనంతా వెంటేసుకుని రాకు’ అన్నారు. ఎవరికీ చెప్పలేదు. పంటి డాక్టర్ దగ్గరికని చెప్పి వెళ్లాను. ఉద్యోగం వచ్చింది. నెలకు 16 వేలు.

నిన్న రూమ్‌లో చెప్పాను. శ్రీకాకుళం వాడు కంగ్రాట్స్ చెప్పి స్వీట్లేవిరా అన్నాడు. కరీంనగర్ వాడు ‘పన్ను ఎలా ఉంది?’ అని ఒక్క మాట అడిగాడు. అప్పట్నుంచి మాట్లాడటం లేదు. అమ్మాయికి ఇంకా చెప్పలేదు.

సీనియర్ మాట కాదని చెప్పేసి ఉండాల్సిందా?

గోదారిగట్టు

ఇందులో తప్పేముందండీ? ఆయన మిమ్మల్ని పిలిచారు, మీ బ్యాచ్‌ని కాదు. నలుగురూ బిలబిలమంటూ వెళ్లి నిలబడితే ఆయన ఆఫీసులో ఆయన పరువేం కావాలి? రేపు ఇంకో కబురు తెలిస్తే మీకు చెప్తారా? చాయ్ తాగుతూ అనుకున్న మాటల్ని పట్టాదారు పాసుపుస్తకంలా దాచుకోనక్కర్లేదు. ఇంటి దగ్గర్నుంచి ఎన్నాళ్లని డబ్బులు తెప్పించుకుంటారు?

పంటి డాక్టర్ మాత్రం అనవసరం. ‘పనుంది’ అంటే సరిపోయేది. అబద్ధానికి వివరాలు ఎక్కువైతే అవే పట్టిస్తాయి.

గచ్చిబౌలి రెఫరల్

నేను సాఫ్ట్‌వేర్, మీ లోకం తెలియదు. మా దగ్గర ఖాళీ ఉంటే పదిమందికి మేమే పంపిస్తాం. మంచితనం అనుకోకండి, మనం రెఫర్ చేసినవాళ్లు చేరితే బోనస్ వస్తుంది. మరి మీ దగ్గర ఇంత గుట్టెందుకు? పేపర్లో ఉద్యోగానికి పేపర్లో ప్రకటన ఎందుకు వేయరు? స్థలం వాళ్లదే, ఖర్చు కూడా లేదు కదా!

పాత డెస్కు

గచ్చిబౌలి ఆవిడ ప్రశ్నకు జవాబు చెప్తాను. బ్యాచ్ మొత్తాన్ని తీసుకునేటప్పుడు ప్రకటన వేస్తారు. పెద్ద పత్రికలు సొంత జర్నలిజం స్కూళ్లు పెట్టి, రాతపరీక్ష జరిపి తీసుకున్నది అలాగే. మధ్యలో ఎవరో మానేస్తే ఒకటీ అరా ఖాళీకి వేయరు. వేస్తే అప్లికేషన్లు సంచుల్లో వస్తాయి, వాటి మీద నాయకుల సిఫారసు ఉత్తరాలు. న్యూస్ ఎడిటర్‌కి రేపు రాత్రి పేజీ పెట్టే మనిషి కావాలి. పక్క టేబుల్ వాణ్ని ‘నీకెవరైనా తెలుసా?’ అని అడుగుతాడు. నియామకం మొత్తం అంతే.

కొత్త పత్రికో చానలో పుట్టినప్పుడు మాత్రం తలుపులు బార్లా తెరిచేవారు. 1984లో ఉదయం, 1996లో వార్త, 2004లో టీవీ9, 2008 మార్చిలో ఒకేసారి 23 ఎడిషన్లతో సాక్షి, 2011లో నమస్తే తెలంగాణ. ఆ రోజుల్లో ఖాళీ సంగతి చెప్పడం త్యాగం కాదు. ముగ్గుర్ని వెంటబెట్టుకెళ్తే ముగ్గుర్నీ కూర్చోబెట్టేవారు.

నా సంగతి చెప్తాను. 90ల్లో మేం పనిచేస్తున్న పత్రిక మూతపడింది. విజయవాడలో అద్దె కట్టలేక, ఊరికి వెళ్లలేక ఆరుగురం. హైదరాబాద్ నుంచి ఒక మిత్రుడు నాకు కార్డు రాశాడు, ఫలానా తేదీకి వచ్చెయ్, మనుషుల్ని తీసుకుంటున్నారని. ఆ కార్డు ఆరుగురం చదివాం. ఆరుగురం ఒకే రైలెక్కాం. నలుగురికి వచ్చింది. కార్డు నా పేరు మీద వచ్చింది గానీ ఉద్యోగం నాకు రాలేదు.

బాధపడ్డానా అంటే, ఆ ఏడాదంతా పడ్డాను. నాకు తర్వాతి ఉద్యోగం ఆ నలుగురిలో ఒకడు చెప్తేనే వచ్చింది. అయినా బాబూ, నిన్ను తిట్టను. అప్పుడు డెస్కులు పెరుగుతున్నాయి. 2020లో కోవిడ్‌కి పేజీలు కుదించి మనుషుల్ని పంపేశాక చాలా డెస్కుల్లో ఆ కుర్చీలు మళ్లీ నిండలేదు. ఆరుగురు రైలెక్కే కాలం కాదిది.

కంటెంట్ కూలీ

16 వేలకా ఈ గొడవంతా? నేను రెండేళ్లు డెస్కులో చేసి బయటికొచ్చేశాను. ఇప్పుడు ఒక యాప్‌కి నోటిఫికేషన్లు రాస్తాను. జీతం రెట్టింపు, రాత్రి పదికి నిద్ర. పత్రికల్లో పనిచేసేవాళ్ల జీతాలు తేల్చడానికి వేసిన మజీఠియా వేజ్ బోర్డు సిఫారసులు 2011లో నోటిఫై అయ్యాయి, 2014 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు కూడా సరేనంది. మీలో ఎవరికైనా ఆ లెక్కన జీతం వస్తుంటే చెప్పండి, పాలాభిషేకం చేస్తాను. కాంట్రాక్టు మీద తీసుకుని ట్రైనీ అని పేరు పెడితే ఏ బోర్డూ అడగదు. స్నేహితులు పోట్లాడుకోవాల్సింది ఒకరితో ఒకరు కాదు.

గోదారిగట్టు

ఆయన అడిగింది వేజ్ బోర్డు గురించి కాదండీ.

కంటెంట్ కూలీ

తెలుసు. కానీ కుర్చీకి నలుగురు కొట్టుకుంటున్నప్పుడు కుర్చీ ఒక్కటే ఎందుకుందని కూడా అడగాలి.

సిద్దిపేట రోడ్డు

తమ్ముడూ, నేను తొమ్మిదేళ్లుగా మండల కంట్రిబ్యూటర్‌ని. నాకు జీతం లేదు. అచ్చయిన వార్తను కొలిచి ఇచ్చే డబ్బులు పెట్రోలుకు సరిపోవు. దసరాకి, కొత్త సంవత్సరానికి యాడ్లు తెచ్చి ఆ కమీషన్‌తో గడుపుతా. మా దగ్గర మండలానికి ఒక్కరే. ఖాళీ ఉందంటే ఎవరినో తీసేశారని అర్థం. అందుకే మా దగ్గర ఎవరూ ఎవరికీ చెప్పరు. ఆ లెక్కన నిన్ను అనడానికి నేనెవర్ని?

కానీ నీ పోస్టు రెండుసార్లు చదివిన. కరీంనగర్ ఆయన మాట్లాడటం లేదని బాధపడుతున్నావు. మరి ఆ అమ్మాయి? ఒక్కసారి కూడా ఓడని అమ్మాయి. ఆమె వచ్చి పక్కన కూర్చుని టెస్టు రాస్తే నీకు రాదని తెలుసు కదా. సీనియర్ మాట మీద పెట్టి చెప్పకు.

కోర్టు బీటు

అందరూ స్నేహం కోణంలోనే చూస్తున్నారు. కాసేపు వృత్తి లెక్కన చూద్దాం. సీనియర్ మాటని మీరు ‘ఎవరికీ చెప్పకు’ అన్నట్టు తీసుకున్నారు. అలాంటిది ఒకరకంగా ఆఫ్ ది రికార్డ్ మాట. దానికో పద్ధతుంది. ముందు షరతు పెట్టాలి, అవతలివాడు ఒప్పుకోవాలి, ఆ తర్వాత చెప్పాలి. అంతా చెప్పేసి చివర్లో ‘ఇది రాయకండి’ అంటే విలేకరి దానికి కట్టుబడి ఉండాల్సిన పని లేదు. మర్యాదకి ఆగొచ్చు, అది వేరే.

ఆయన ‘మంద’ మాట ఫోన్ పెట్టేసేముందు అన్నారని మీరే రాశారు. అంటే సమాచారం ముందు, షరతు తర్వాత. అప్పటికే మీరు ముగ్గురికి మాటిచ్చి ఉన్నారు. మొదటి మాట ముగ్గురిది. పైగా ‘మందనంతా’ అన్నారు, ‘ఎవరినీ’ అనలేదు. ఈ రెంటికీ తేడా లేదంటే రేపు డెస్కులో మీరు దిద్దే కాపీ గురించి నాకు భయంగా ఉంది.

ఇంకో ప్రశ్న. మీ పోస్టులో ‘ట్రైనీని తీసుకుంటున్నారు’ అని దాటేశారు. ఎన్ని పోస్టులు?

అడిక్‌మెట్ మూడో అంతస్తు (మర్నాడు మధ్యాహ్నం)

రెండు. టెస్టు రోజు నాతో పాటు ఇంకో ఇద్దరు రాశారు. వాళ్లు నచ్చలేదని రెండోది అలాగే ఉంచారు.

సిద్దిపేట అక్కా, మీరన్నది నిజమే. ఫోన్ వచ్చినప్పుడు నాకు ముందు గుర్తొచ్చింది ఆమే.

గోదారిగట్టు

రెండా! ఇది ముందు చెప్పాలి కదండీ బాబూ. అసలు లీడ్‌ని, అంటే మొదట చెప్పాల్సిన ముఖ్యమైన ముక్కని, చివరి పేరాలో దాచారు. ఒకే కుర్చీ అనుకుని మీ తరఫున వాదించాను. రెండున్నప్పుడు కూడా దాచారంటే అది ఆకలి కాదు, భయం. నా మాట సగం వెనక్కి తీసుకుంటున్నా. సీనియర్ పరువు సంగతి మాత్రం అలాగే ఉంది, దాన్నెవరూ పట్టించుకోవడం లేదు. మాట సాయం చేసిన పాపానికి ఆయన్ని మధ్యలో ఇరికించకండి.

పాత డెస్కు

సీనియర్ గురించి గోదారి గారు అన్నది సబబే. నలుగుర్ని పంపితే ‘ఏంటయ్యా, హాస్టల్ నడుపుతున్నావా?’ అని నన్ను కూడా ఒకప్పుడు మా ఎడిటర్ అడిగాడు. కానీ ఒక్కరిని అదనంగా పంపితే ఎవరూ ఏమీ అనరు. పైగా మంచి కాపీ రాసే మనిషిని పట్టుకొస్తే మరుసటి నెల ఆదివారం సెలవు అడిగే ధైర్యం వస్తుంది. రెండో కుర్చీ ఖాళీగా ఉన్నంతకాలం దాని పేజీలు కూడా నీ నెత్తినే పడతాయి, గుర్తుంచుకో. ముందు ఆమెకు ఫోన్ చెయ్యి.

గచ్చిబౌలి రెఫరల్

బోనస్ లేకపోయినా చెయ్యండి!

అడిక్‌మెట్ మూడో అంతస్తు (మూడు రోజుల తర్వాత)

ఏం జరిగిందో అడుగుతున్నారు కాబట్టి చెప్తున్నాను.

ముందు సీనియర్‌కి ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాను. ‘చెప్పొద్దన్నానా లేదా?’ అని ఐదు నిమిషాలు తిట్టారు. చెప్పొద్దనలేదు, మంద వద్దన్నారు అనబోయి నోరు మూసుకున్నాను. (కోర్టు బీటు గారూ, మీ పాయింట్ బాగుంది గానీ ఫోన్‌లో పనికిరాదు.) చివరికి ఇద్దరికి మించి పంపొద్దు, సోమవారం రమ్మను అన్నారు.

ఆమెను విద్యానగర్‌లో టీ కొట్టు దగ్గర కలిశాను. అంతా చెప్పాను. ‘నేనొస్తే నీకు రాదనుకున్నావా?’ అని అడిగింది. అవునన్నాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత ‘అనువాదానికి ఎంతసేపిచ్చారు?’ అని అడిగింది. నలభై నిమిషాలు, వార్తా ఏజెన్సీ కాపీ ఒక పేజీ, దానికి మూడు హెడ్డింగులు అని చెప్పాను. రాసుకుంది. టీ డబ్బులు తనవి తనే ఇచ్చేసింది. ఎప్పుడూ అలా ఇవ్వలేదు.

కరీంనగర్ వాడికి సోమవారం సంగతి చెప్తే ‘నీ దానం ఖాళీ నాకొద్దు’ అని తలుపు దగ్గరికేసి డాబా మీదికి వెళ్లిపోయాడు. సరే అనుకున్నాను. రాత్రి చూస్తే నేను టెస్టుకి ముందు ప్రాక్టీసు చేసిన కాగితాల కట్ట షెల్ఫ్‌లో లేదు. వాడి దిండు కింద కొస కనిపిస్తోంది. సోమవారం వెళ్తున్నాడో లేదో మాత్రం నాకు చెప్పలేదు. అడగలేదు కూడా.

కోర్టు బీటు

అడగొద్దు. ఆ కాగితాలు కూడా తిరిగి అడగొద్దు.

కంటెంట్ కూలీ

ఆమెకు రాకపోతే మా దగ్గర ఒక ఖాళీ ఉంది. నోటిఫికేషన్‌లో నలభై అక్షరాలకు మించకూడదు. బహిరంగంగా చెప్తున్నా, అందరూ అప్లై చేసుకోండి.

సిద్దిపేట రోడ్డు

మంచి పని చేసినవ్ తమ్ముడూ. ఒక్కటే అడుగుతా. మీ సీనియర్ ఇద్దరన్నడు. ఓడని అమ్మాయికి చెప్పినవ్, అలిగినాయనకు చెప్పినవ్. స్వీట్లు అడిగినాయనకు చెప్పినవా?

అడిక్‌మెట్ మూడో అంతస్తు

లేదక్కా. వాడు నిన్న రాత్రే రైలెక్కాడు, ఊళ్లో ఏదో స్కూల్లో చూసుకుంటానన్నాడు. స్టేషన్‌కి నా బ్యాగులోనే బట్టలు సర్దుకెళ్లాడు.

ఫోన్ చేస్తున్నాను. సిగ్నల్ లేదని వస్తోంది.