గోకును భూమికి ఎందుకు పంపారు? తోరియామా మాట ఏది?

'డ్రాగన్ బాల్' మాంగా (జపనీస్ కామిక్) 17వ సంపుటంలో కథానాయకుడు గోకు అన్న రాడిట్జ్ చెప్పేదాని ప్రకారం, గోకును పసికందుగా భూమికి పంపింది ఇక్కడి మనుషులను తుడిచిపెట్టడానికి. 2014లో ఆ మాంగా సృష్టికర్త అకిరా తోరియామా గీసిన 'మైనస్' అధ్యాయంలో మాత్రం గోకు తల్లిదండ్రులు బార్డాక్, గీనే తమ కొడుకును క్రూర పాలకుడు ఫ్రీజా బారినుంచి కాపాడుకోవడానికి పంపుతారు. అప్పటికి వాడు మాటలొచ్చిన పిల్లవాడు.

రాడిట్జ్‌కు అసలు కారణం తెలియదని సర్దిచెప్పుకున్నాను. కారణం వరకు సరే, వయసు కుదరదు. రెండు అనువాదాలు పక్కపక్కన పెట్టి చదివినా తేడా పోలేదు. 1990 నాటి టీవీ ప్రత్యేక చిత్రాన్ని లెక్కలోకి తీసుకోవడం లేదు. అది తోరియామా రాసిన కథ కాదు. అభిమానుల ఊహాగానాలతోనూ విసిగిపోయాను.

2024లో కన్నుమూసేలోపు, 'మైనస్' పాత కథనాన్ని మార్చేస్తుందని తోరియామా స్వయంగా ఏ ఇంటర్వ్యూలోనైనా చెప్పారా, చెప్పి ఉంటే అది ఎక్కడ అచ్చయింది?