కండోమ్‌లు, పిల్స్ ఫ్రీగా పంచకుండా షాపుల్లో ఎందుకు అమ్మిస్తారు?

ప్రశ్న:
ఒక డౌట్ అండీ. పబ్లిక్ హెల్త్ చదువుతున్నా, సోషల్ మార్కెటింగ్ గురించి క్లాసులో చెప్పారు. ప్రభుత్వం సబ్సిడీ ఇచ్చి కండోమ్‌లు, గర్భం రాకుండా వేసుకునే పిల్స్ షాపుల్లో తక్కువ రేటుకి అమ్మిస్తుందట. ఎలాగూ ప్రభుత్వమే డబ్బు పెట్టి కొన్నప్పుడు ఫ్రీగానే ఇచ్చేయొచ్చుగా, పేదవాళ్ళకి ఆ కాస్త రేటు కూడా అడ్డమే కదా? తెలిసినవాళ్ళు చెప్పండి ప్లీజ్.

రిప్లై 1:
రేటు పెట్టేది డబ్బు రాబట్టడానికి కాదండీ, షాపువాడి కోసం. ఫ్రీ సరుకుతో అతనికి మిగిలేదేముంది, మూల పడేస్తాడు. మార్జిన్ ఉంటే అయిపోకముందే అతనే ఆర్డర్ పెడతాడు. ఇండియాలో 1968లో ప్రభుత్వ కండోమ్ నిరోధ్ అలాగే మొదలైంది, మూడింటి ప్యాకెట్ 15 పైసలు. బ్రూక్ బాండ్, లిప్టన్, హిందుస్తాన్ లీవర్, యూనియన్ కార్బైడ్ లాంటి కంపెనీలకి పంపిణీ అప్పజెప్పారు, దాంతో టీపొడి, సబ్బులు, బ్యాటరీలు దొరికే కొట్లకే ఇవీ చేరాయి. పైగా ఆసుపత్రి మూసేశాక కూడా షాపు తీసే ఉంటుంది, పేరూ ఊరూ ఎవరూ అడగరు, సిగ్గుపడే మనిషికి అది చాలా పెద్ద విషయం.

రిప్లై 2:
కొట్లో పెట్టినంత మాత్రాన అమ్ముడుపోవు. బంగ్లాదేశ్‌లో 1970ల్లో రాజా అని కండోమ్, మాయా అని పిల్ ఒకే ప్రోగ్రామ్ కింద తెచ్చారు. రాజా బాగా పోయింది, మాయా అంతగా పోలేదు. పిల్ మొదలుపెట్టాక కొందరికి వికారంగా ఉంటుంది, నెల మధ్యలో కొద్దిగా రక్తం కనిపిస్తుంది (స్పాటింగ్), భయపడి ఊళ్ళో వైద్యుణ్ణి అడిగితే ఆయన మానెయ్యమంటే ఇక అంతే. నా ఉద్దేశంలో ముందు ఆ వైద్యుల్ని కలుపుకోవాలి. ఒకరోజు మర్చిపోతే ఏం చెయ్యాలి, 35 దాటి సిగరెట్ తాగేవాళ్ళకి మామూలు పిల్ ఎందుకు పనికిరాదు, ఇవి అమ్మేవాళ్ళకి తెలిసుండాలి.

రిప్లై 3:
పేదవాళ్ళ గురించి మీరన్నది కరెక్టేనండీ. ఒక జంటకి ఏడాదికి 120 కండోమ్‌లు లేదా 15 స్ట్రిప్పుల పిల్స్ అని లెక్కేస్తారు, కాబట్టి ప్యాకెట్ రేటు చూసి చవకే అనుకోకుండా ఏడాది ఖర్చు వాళ్ళ సంపాదనలో ఎంతో చూడాలి. షాపుల్లో దొరుకుతున్నాయి కదా అని ఆసుపత్రుల్లో ఫ్రీ సప్లై ఆపేస్తే మాత్రం ఘోరం, రెండూ ఉండాలి. ఇంకోటి, ఎండ తగిలేచోట పెడితే కండోమ్ రబ్బరు పాడైపోతుంది, ఆ సంగతి షాపువాళ్ళకి చెప్పాలి, డేట్ దాటిన స్టాక్ కంపెనీ వెనక్కి తీసుకోవాలి, లేదంటే నష్టం ఎందుకని అదే అంటగడతారు.